నాయిన పట్టుకున్న గుంజ

మా అన్న సారయ్య పోయిన పదకొండో రోజు, వచ్చిన చుట్టాలంతా తిని బస్సులెక్కాక, వదిన నన్ను లోపలి గదిలోకి పిలిచి అటక మీదున్న గోనె సంచిని దించమంది. బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాక అన్న భూపాలపల్లిలో కట్టుకున్న రెండు గదుల ఇల్లు అది. డెబ్బైకి దగ్గర పడిన దాన్ని, ఇనుప కుర్చీ వేసుకొని ఎక్కి, దుమ్ము మీద పోసుకుంటూ దించాను. సంచిలో ఒక కర్ర ఉంది. మూడు మూరల తుమ్మ కర్ర, ఒక కొస సంచిలో పట్టేటట్టు రంపంతో కోసి ఉంది, రెండో కొసకు జానెడు కింద తాడు ఒరుసుకుని పడిన గాడి ఉంది. ఆ గాడిలో వేలు పెట్టగానే నాకు అది ఏమిటో తెలిసిపోయింది. వదిన గుమ్మంలోనే నిలబడి, "గీ కట్టెను పొయ్యిల పెడ్తనంటె ఎన్నడు పెట్టనియ్యలే యశోదా. ఏందని అడిగితె చెప్పలే. నీకేమన్న ఎర్కనా?" అంది. ఎరుకేనని, మా నాయినదని చెప్పాను. కర్రను మళ్లీ సంచిలో చుట్టి చంకన పెట్టుకున్నాను. నలభై ఏళ్లు కాపురం చేసిన ఆవిడకు ఆయన చెప్పనిది నేను ఆ గదిలో నిలబడి ఎలా చెప్పను.

మాది కొడకండ్ల దిక్కు ఒక చిన్న ఊరు. ఊరికి పొలాలున్నాయి, మాకు చెరువుంది. అంటే చెరువు మాదని కాదు, మేమే చెరువు వాళ్లం. మా ఇంట్లో ఏ పని చేసినా నీళ్ల చుట్టే. తెల్లారకముందే అవ్వ, అంటే మా అమ్మ, తుమ్మ చెక్కను పెద్ద కాగులో ఉడకబెట్టేది. ఎర్రగా చిక్కబడిన ఆ రసంలో నూలు వలను ముంచి ఆరేస్తే నీళ్లకు తొందరగా చివకదు. ఆ వాసన, దాని పక్కనే మిద్దె మీద ఎండుతున్న పరక చేపల వాసన, నాయిన చుట్ట వాసన, ఈ మూడూ కలిసిందే నా చిన్నతనం. బడిలో పిల్లలు నా పక్కన కూర్చోవడానికి ముక్కు మూసుకునేవాళ్లు. నాకు కోపం వచ్చేది గానీ సిగ్గు వచ్చేది కాదు. వాళ్లింట్లో చేపల కూర వండిన రోజు ఎవరి చేతి చేపలు తింటున్నారో నాకు తెలుసు కదా.

నాయిన పేరు ఎల్లయ్య. మాట తక్కువ మనిషి. నీళ్లలో దిగే ముందు దోసెడు నీళ్లు తీసుకొని వాసన చూసి, నాలిక తడుపుకొని, అప్పుడు అడుగు వేసేవాడు. లాగుడు వల వేసే పద్ధతి మా ఇంట్లో తాత కాలం నుంచీ ఒకటే. ఒకరు నడుము లోతు నీళ్లలో గుంజ పాతుకొని నిలబడాలి. వల ఒక కొస తాడును గుంజకు ఒక చుట్టు, తన నడుముకు ఒక చుట్టు వేసుకోవాలి. ఇంకొకరు రెండో కొస పట్టుకొని చుట్టూ తిరిగి వలను ఒడ్డుకు చేర్చాలి. చేర్చినాయన గట్టిగా "ఇడువూ..." అని కేక వేస్తే, అప్పుడు గుంజ కాడి మనిషి తాడు విప్పుకొని తన కొసతో ఒడ్డుకు వస్తాడు, వల మూసుకుంటుంది. ఆ కేక వినపడేదాకా గుంజ కాడి మనిషి కదలకూడదు. గట్టు మీద ఎవరెన్ని అరిచినా లెక్క లేదు, వల తిప్పిన మనిషి గొంతే లెక్క. ముందే విప్పితే చేపా పోతుంది, వలా చిక్కుపడుతుంది. ఒకసారి నాయిన కాలికి జెల్ల చేప ముల్లు దిగినా కేక వచ్చేదాకా నిలబడ్డాడని అవ్వ గొప్పగా చెప్పేది. వల పడ్డ రోజు ఇంట్లో ఆడవాళ్లు నీళ్ల గురించి మాట ఎత్తకూడదన్నది ఇంకో నియమం. ఎక్కువున్నాయి, తక్కువున్నాయి, లోతుంది, ఏదీ అనకూడదు. అంటే అపశకునం.

అన్న నాకంటే ఐదేండ్లు పెద్ద. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జనగామలో రైళ్లకు అడ్డం కూర్చున్నాడు, లాఠీ దెబ్బలు తిన్నాడు, కొన్నాళ్లు జైల్లో ఉన్నాడు, ఆ ఏడు పరీక్ష లేదు. తరువాత ఉద్యమం చల్లబడింది గానీ ఆయన చల్లబడలేదు. చదువు మానేసి ఇంటికొచ్చి నాయినతో వల పట్టాడు. ఇంట్లో అవతలి దిక్కు ఆంధ్రోళ్ల మాట వస్తే కంచం ముందునుంచి లేచిపోయేవాడు. అప్పుడు సినిమాల్లో మన మాటను నవ్వులాటకు వాడుకునే కాలం. జనగామ టాకీసులో అలాంటి సీను రాగానే అన్న లేచి బయటికి వచ్చేవాడు, టిక్కెట్టు తనే కొన్నా సరే. నేను మాత్రం చివరిదాకా చూసి వచ్చేదాన్ని. ఆ కోపం ఆయన కడుపులో ఎంత లోతుకు దిగిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ తరువాత కరువొచ్చింది. రెండేండ్లు వరుసగా వానల్లేవు. మొదటి ఏడు చెరువు బురదైంది, రెండో ఏడు బీటలు వారింది. నెర్రెల్లో కాలు పెడితే మోకాలి దాకా దిగేది. చివరి బురదలోంచి నాయిన కొర్రమట్ట చేపలు చేత్తో తీసిన రోజు ఊరంతా వచ్చింది. ఆ తరువాత వల దండెం మీదే ఉంది. నాయిన పొద్దున్నే అలవాటు కొద్దీ కట్ట మీదికి పోయి, కాసేపు కూర్చొని వచ్చేవాడు. అవ్వ గడ్డలు తవ్వుకొచ్చి ఉడకబెట్టేది. నేను పదో తరగతి. ఆకలితో బల్ల మీద తల పెట్టి పడుకున్నా సార్లు ఏమీ అనేవాళ్లు కాదు, ఎందుకంటే సగం క్లాసు అలాగే పడుకునేది. ఆ రోజుల్లోనే సంతలో ఎండు చేపలమ్మే ఒక బేరగాడు నాయినకు ఆ మాట చెప్పాడు. కాకినాడ దగ్గర ఒక చోట సముద్రానికి అడ్డంగా పొడుగాటి ఇసుక దిబ్బ ఉందట, దాని వెనక నీళ్లకు అలలుండవట, అచ్చం మీ చెరువులాగే ఉంటుందట, నడుము లోతులో ఎంత దూరమైనా నడవొచ్చట. నాయిన ఆ రోజు చాలాకాలానికి చుట్ట వెలిగించి నవ్వాడు. చెరువు లెక్కనే ఉంటదంట, అని అవ్వతో రెండు మూడుసార్లు చెప్పాడు.

అన్న రానన్నాడు. వాళ్ల నేల మీద అడుగు పెట్టనని పొద్దంతా తిండి మానేశాడు. అయినా తినడానికి ఇంట్లో ఏముందని మానేయడం, అని అవ్వ దెప్పింది. చివరికి వల తిప్పేవాడు లేకుండా నాయిన ఒక్కడే ఏం చేస్తాడని వచ్చాడు. నేనూ వెళ్లాల్సి వచ్చింది, ఒడ్డున తాడు లాగడానికి ఇంకో జత చేతులు కావాలి. పరీక్షలకు ఇంకా నెల ఉంది. మా హెడ్మాస్టరు, ఆడపిల్లవి ఇంతదాకా వచ్చావు, పరీక్షకు మాత్రం తప్పకుండా రా అని చెప్పి పంపించాడు. నాయిన నాకు మాటిచ్చాడు. ఒక్కసారి గంపలు నిండితే చాలు, నిన్నూ మీ అవ్వనూ రైలెక్కిస్తనని. వల, కాగు, తుమ్మ గుంజ, నా పుస్తకాల సంచి పట్టుకొని జనగామ స్టేషన్లో రైలెక్కాం. గుంజను చూసి టికెట్ కలెక్టరు ఇదేమిటని అడిగితే అన్న దాన్ని బల్ల కిందికి తోశాడు.

ఆ నీళ్లను మొదట చూసినప్పుడు మా నలుగురం మూటలు దించి నిలబడిపోయాం. నిజంగానే అలలు లేవు. కంటికానినంత దూరం పరుచుకొని, ఎండలో మెరుస్తూ, మడ చెట్ల మధ్య కదలకుండా ఉన్నాయి. నాయిన దోసెడు నీళ్లు తీసి వాసన చూసి, నాలిక తడిపి, ఉమ్మేశాడు. ఉప్పు. అయినా మొహం వెలిగిపోయింది. నూకరాజు అనే పల్లెకారు జాలరి తన తాటాకు పాకకు ఆనుకొని ఇంకో పంచ వేసుకోనిచ్చాడు, పాత నావ కూడా ఇచ్చాడు. మరునాడు పొద్దున్నే లేచి చూస్తే నీళ్లు లేవు. ఒడ్డు నుంచి అర మైలు దాకా నల్లటి బురద. అవ్వ గుండెలు బాదుకొని, తూము ఎవరు తీసిండ్లని అడిగింది. నూకరాజు భార్య పైడమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. సముద్రానికి తూము ఉండదని, నీళ్లు రోజుకు రెండుసార్లు పోయి వస్తాయని, రావడం పోటు, పోవడం ఆటు అని చెప్పింది. అవ్వ కూడా నవ్వింది. అన్న మాత్రం నవ్వలేదు, మనను చూసి నవ్వుతున్నారని అన్నాడు. కొట్లో ఉప్పు అడగడానికి వెళ్లినా వేలితో చూపించి తెచ్చుకునేవాడు. నోరు తెరిస్తే నవ్వుతారని ఆయన భయం. నిజం చెప్పాలంటే ఒకరిద్దరు నవ్వారు కూడా.

మేము దిగింది చంద్రుడు సగం తరిగిన రోజుల్లో. అప్పుడు పోటు మోకాలి కంటే ఎక్కువ రాదు. చెరువు మీద బతికినవాళ్లం, చంద్రుడికీ నీళ్లకూ లెక్క ఉంటుందని మాకెవరు చెప్పాలి. మోకాలంత వచ్చి పోతుంది, అంతే కదా అనుకున్నాం. ఒడ్డు నుంచి కేక వినపడేంత దూరంలో పోటుకు మునిగే ఒక దిబ్బ ఉంది. నాయిన దాని మీద గుంజ పాతాడు. ఏడు రోజులు వేశాం. రొయ్య పడేది, కొద్దిగా చిన్న చేపలు పడేవి, తినడానికి సరిపోయేవి. ఉప్పు నీళ్లకు నూలు వల కర్రలా బిర్రబిగుసుకుపోయేది, తాడు లాగిన చేతులు పగిలి మానేవి కావు. నేను పాకలో కూర్చొని పుస్తకం తెరిచేదాన్ని, ఒక్క అక్షరం ఎక్కేది కాదు. రోజులు లెక్కపెట్టేదాన్ని. నన్ను వదిలేసి పరీక్ష జరిగిపోతుందన్న భయం రాత్రీ పగలూ వదిలేది కాదు. ఇంటికి పోకపోతే చచ్చిపోతాననిపించేది, ఉత్త మాట కాదు, అలాగే అనిపించేది.

అమావాస్య వచ్చింది. ఆ రోజు పల్లెలో ఎవరూ నావలు తీయలేదు. వాళ్ల ఆచారమేమో అనుకున్నాడు నాయిన. మా చెరువులో మిగతా ఇండ్ల వాళ్లు వల వేయని రోజు దొరికితే పండగ, చేపంతా మనదే. అదే లెక్కన ఆయన పొద్దున్నే, ఈ రోజు నీళ్లన్నీ మనయే, ఈ రోజు గంపలు నిండుతయి, రేపు నువ్వు రైలెక్కుతవ్ బిడ్డా అన్నాడు. నేను మంచినీళ్లకు చెలమకు పోయి, కడవ నింపుకొని వచ్చాను. పుస్తకాల సంచి సర్దుకున్నాను. మధ్యాహ్నం నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి, రోజూ కంటే చాలా దూరం. నాయిన నడుచుకుంటూ దిబ్బ దాకా వెళ్లి గుంజ పాతి, నీళ్లు తిరిగి నడుము లోతుకు వచ్చాక తాడు చుట్టుకున్నాడు. అన్న నావలో రెండో కొస తీసుకొని చుట్టు తిరగడం మొదలుపెట్టాడు. నేనూ అవ్వా ఒడ్డున నిలబడ్డాం.

నీళ్లు రావడం కనపడలేదు. అలల్లేని నీళ్లలో అదే మోసం. ఉరికి రావు, చప్పుడు చేయవు, చూస్తుండగానే ఎక్కువైపోతాయి. ముందు మా పాదాలు తడిశాయి. తల ఎత్తి చూస్తే నాయిన నడుము లోతులో ఉన్నవాడు ఛాతీ లోతులో ఉన్నాడు. అన్న నావ పక్కకు కొట్టుకుపోతోంది. లోపలికి వచ్చే నీళ్లు వలను పట్టి సంచిలా ఉబ్బించి ఈడుస్తున్నాయి. ఆయన పిచ్చివాడిలా తెడ్డు వేస్తున్నాడు, ఒడ్డుకు చేరాలని. చేరితే గానీ కేక వేయకూడదు కదా. అవ్వ, నేను గొంతులు పోయేలా అరిచాం. తాడు విప్పుకొని రా నాయినా అని. ఆయన మా వైపు తిరిగి చేయి పైకెత్తి ఊపాడు. అది మాకు తెలిసిన సైగే. ఇంకా కేక రాలేదు, ఆగుండ్రి అని. చెరువులో ముప్పై ఏండ్లుగా చేసినట్టే చేశాడు. ఇక లాభం లేదని అన్న కేక వేసేసరికి నీళ్లు నాయిన గడ్డానికి ఉన్నాయి. ఆ కేక ఆయనకు వినపడింది. రెండు చేతులూ నీళ్లలోకి దించి విప్పుకోబోయాడు. వల బరువంతా ఆ ముడి మీద ఉంది. అది రాలేదు.

మా అరుపులు విని నూకరాజు ఇంకో నావ తోసుకొని పరుగెత్తాడు. ఆయన వెళ్లి కత్తితో తాడు కోసేసరికి పొద్దు గుంకుతోంది. నాయిన గుంజకే ఉన్నాడు. ఒక చేయి గుంజ చుట్టూ ఉంది. ఒడ్డుకు తెచ్చి బోర్లా వేసి ఎంత ఒత్తినా ఉప్పు నీళ్లే వచ్చాయి, ఊపిరి రాలేదు. అవ్వ ఏడవలేదు. ఆయన నోట్లో వేలు పెట్టి ఇసుక తీస్తూ కూర్చుంది, అంతా అయిపోయాక కూడా తీస్తూనే ఉంది. అన్న ఒడ్డెక్కకుండా ఆ నీళ్లలోనే ఉండిపోయాడు. ఆ పల్లెవాళ్లే కట్టెలు తెచ్చారు, వాళ్లే మోశారు, పైడమ్మే మాకు మూడు రోజులు గంజి పోసింది. మమ్మల్ని చూసి నవ్విన కొట్టు ఆయన కూడా వచ్చి ఒక మూల నిలబడ్డాడు. మళ్లీ ఆటు వచ్చినప్పుడు నూకరాజు గుంజ పీకి తెచ్చి ఇచ్చాడు. తిరుగు రైల్లో మేము ముగ్గురమే. గుంజను అన్న ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు.

ఆ తరువాత అన్న నీళ్ల వైపు చూడలేదు. మళ్లీ వానలు పడ్డాయి, చెరువు నిండింది, ఊరంతా కట్ట మీదికి పోయింది, ఆయన పోలేదు. భూపాలపల్లిలో బాయిలు తెరిచినప్పుడు పోయి బొగ్గు పనిలో చేరాడు. భూమి కింద ఏముంటుందన్నా అని అడిగితే, చీకటి ఉంటది, మంచిగుంటది అన్నాడు. ఆ మాటకు ఆ రోజు నాకు నవ్వొచ్చింది. నేను ఆ ఏడు పరీక్ష రాయలేదు, మరుసటి ఏడు రాసి పాసయ్యాను, పాలకుర్తిలో అంగన్‌వాడీ టీచరునై పిల్లలకు గుడ్లు పంచుతూ రిటైరై, ఇప్పుడు జనగామలో ఉంటున్నాను. అవ్వ చేప తినడం మానేసింది. ఇంట్లో ఆ రోజు గురించి ఎవరం మాట్లాడలేదు. ఇప్పుడు మా చెరువుకు కాలువ నీళ్లొస్తున్నాయి, ఎండాకాలం కూడా నిండుగా ఉంటుంది. నైలాను వలలు, తుమ్మ చెక్క వాసన ఎవరికీ తెలియదు. నా మనుమడు ఒకరోజు ఫోనులో ఏదో నొక్కి, ఏ ఊరి సముద్రానికి ఏ పూట ఎంత పోటు వస్తుందో చూపించాడు, గంటతో సహా. సినిమాల్లో హీరోలు మన మాటే మాట్లాడుతున్నారు, జనం విజిళ్లేస్తున్నారు. చూసినప్పుడల్లా అన్న గుర్తొచ్చి కడుపు మండుతుంది. ఇవన్నీ ఎందుకొచ్చాయి ఇప్పుడు, ఎవరి కోసం వచ్చాయి.

అన్న చనిపోవడానికి ఇరవై రోజుల ముందు దవాఖానలో చూడటానికి వెళ్లాను. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. వదిన బయటికి పోయేదాకా ఆగి, నా చేయి పట్టుకున్నాడు. "చెల్లె, అమాసనాడు నీళ్లు మనిషి లోతు వస్తయని నూకరాజు ముందు రోజే నాకు చెప్పిండు. నాయినను దిబ్బ మీద నిలబెట్టకుండ్రి అన్నడు. నేను చెప్పలే. వాళ్లు చెప్తె మనం ఇనుడేందనుకున్న. నాయినను నేనే చంపిన" అన్నాడు. యాభై ఏండ్లు మోసిన మాట అది, చెప్పేసరికి మనిషి పిల్లవాడిలా ఏడ్చాడు. నేను ఆయన తల నిమిరాను. "పోనీయ్ అన్నా, ఎప్పటి సంగతి. నాయిన నీ మీద కోపం చెయ్యడు" అన్నాను. నా చేతిని కళ్లకద్దుకున్నాడు. బస్సులో వస్తూ నా మంచితనానికి నాకే కళ్లు చెమర్చాయి.

ఆ అమావాస్య పొద్దున చెలమ దగ్గర పైడమ్మ నా కడవ దించి పట్టుకుంది. "అమ్మాయీ, ఇయ్యాల పెద్ద పోటు. మనిసి మునిగిపోద్ది. మీ నాన్నని దిబ్బ మీదకి ఎళ్లొద్దని సెప్పు" అంది. సరేనన్నాను. పాక దగ్గరికి వచ్చేసరికి నాయిన వల సర్దుకుంటూ ఉన్నాడు, రేపు నువ్వు రైలెక్కుతవ్ అని మళ్లీ అన్నాడు. వల పడ్డ రోజు ఆడవాళ్లు నీళ్ల మాట ఎత్తకూడదన్న నియమం గుర్తొచ్చిందని ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. చెప్తే నాయిన ఆ రోజు వల వేయడు. వేయకపోతే గంపలు నిండవు. నిండకపోతే నాకు రైలు లేదు, పరీక్ష లేదు. కడవ దించి పుస్తకాలు సర్దుకున్నాను. నాకు పదహారేండ్లు, అంతే.

గుంజ ఇప్పుడు జనగామలో నా మంచం పక్కన ఉంది. ఆ రోజు దవాఖానలో నేను చెప్పాల్సిన మాట, నాకు కూడా తెలుసన్నా, నువ్వొక్కడివే కాదు, అన్నది. ఒక్క ముక్క. అది చెప్పి ఉంటే ఆయన నడుము చుట్టూ ఉన్న ముడి సగమైనా వదులయ్యేది. క్షమించినదాన్నై కూర్చున్నాను గానీ ఆ మాట చెప్పలేదు. నాయిన కేక కోసం గడ్డం లోతు దాకా నిలబడ్డాడు, అన్న యాభై ఏండ్లు నిలబడ్డాడు. ఆయనకు వేయాల్సిన కేక నా దగ్గరే ఉంది. ఇడువు అన్నా. ఇడువు.